దారిలోనే ఉన్నానమ్మా

ఇంట్లో ఆమెను పిడుగు అంటారు. పుట్టగానే ఏడ్చిన ఏడుపుకి ఆసుపత్రిలో పక్క వార్డు వాళ్లు కూడా లేచి కూర్చున్నారని, ఆ పేరు అలా వచ్చిందని మేనత్త చెబుతుంది. ఆ తర్వాత ఇరవైమూడేళ్లలో ఆ పేరు నిలబెట్టే పని ఒక్కటీ పిడుగు చేసిన పాపాన పోలేదు. బడికి వెళ్లింది, కాలేజీకి వెళ్లింది, ఆ పైన లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఫోను దగ్గర కూర్చుంది.

ఎక్కడో ఒక భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతుంది. లోపల ఇరుక్కున్న మనిషి గోడ మీది నంబరు చూసి ఫోను చేస్తాడు. పిడుగు తేనె పూసిన గొంతుతో, "కంగారు పడకండి సార్, మా మనిషి బయల్దేరాడు, దారిలో ఉన్నాడు" అంటుంది. ఆ సమయంలో ఆ మనిషి ఆమె ఎదురుగానే కూర్చుని బిస్కెట్టు టీలో ముంచుకుంటూ ఉంటాడు. రెండేళ్లలో ఆ మాట ఆమె నోట ఎంత నున్నగా తయారైందంటే, బయటపడ్డాక కొందరు మళ్లీ ఫోను చేసి థాంక్సు చెప్పేవారు.

ఇలా కడుపులో చల్ల కదలకుండా గడిచిపోతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె ఫోనులో ఒక వీడియో చూసింది. ఎవరో ఒక అమ్మాయి ఒంటరిగా నాలుగువందల పది కిలోమీటర్లు కొండల దారిలో నడిచి, చివర సముద్రపు ఒడ్డున లైట్‌హౌస్ గోడకి నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. వెనక గాలి చప్పుడు. కింద లక్షల మంది చప్పట్ల బొమ్మలు. పిడుగు ఆ వీడియో పద్నాలుగుసార్లు చూసింది. ఆమెకూ ఆ గోడ దగ్గర ఏడవాలనిపించింది. ఇంట్లో ఏడిస్తే ఎవరూ చప్పట్లు కొట్టరు కదా.

రాత్రి భోజనాల దగ్గర ప్రకటించింది. ఇరవైనాలుగు రోజులు, ఒక్కతే, బ్యాగు తగిలించుకుని.

తల్లి మందుల షాపులో పనిచేస్తుంది. ఏ విషయాన్నైనా ముందు పొద్దున, మధ్యాహ్నం, రాత్రిగా విడగొట్టుకుంటేగాని ఆవిడకి అర్థం కాదు. "పొద్దున ఏం తింటావు? మధ్యాహ్నం ఎక్కడ ఆగుతావు? రాత్రి ఎక్కడ పడుకుంటావు?" అని వరసగా అడిగింది. అన్నిటికీ పిడుగు దగ్గర జవాబులున్నాయి. దారి పొడవునా మజిలీలున్నాయి, గదులున్నాయి, మ్యాపు ఉంది. ఆఖరికి తల్లి, "అసలు ఎందుకు?" అంది.

"నన్ను నేను తెలుసుకోవడానికి."

పైవాటాలో ఉండే మేనత్త రోజూ పెరుగు కోసమని కిందికొచ్చి భోజనం ముగించి వెళ్తుంది. ఆవిడ ముద్ద మింగి, "దానికంత దూరం ఎందుకే? మమ్మల్ని అడిగితే మేం చెప్పమా?" అంది.

 తండ్రిది సోఫాలూ కుర్చీలూ బాగుచేసే షాపు. ముప్ఫై ఏళ్లుగా ఇతరులు సుఖంగా కూర్చునే ఏర్పాట్లు చూస్తూ, ఆ ఏర్పాట్లు సరిగ్గా ఉన్నాయో లేదో స్వయంగా కూర్చుని పరీక్షిస్తూ గడిపిన మనిషి. వీధి చివర పాల ప్యాకెట్టుకి కూడా స్కూటరు మీద వెళ్తాడు. కూతురు నాలుగువందల కిలోమీటర్లు అనగానే ఆయన మొహంలో కనిపించింది భయమో గౌరవమో ఎవరికీ అంతుపట్టలేదు. మర్నాడు మాత్రం ఆమె బ్యాగు షాపుకి పట్టుకుపోయాడు. సాయంత్రం తెచ్చిచ్చేసరికి దాని పట్టీల్లో రెండంగుళాల స్పాంజి, పైన ఎర్ర రెగ్జిన్, దాని మీద సోఫాలకి వేసే డైమండ్ గళ్ల కుట్టు.

"ఇక నీకు భుజాలున్నట్టే తెలియదు," అన్నాడు గర్వంగా.

బ్యాగులో పెట్టాల్సిన వస్తువుల జాబితా ఇంటర్నెట్టు ఇచ్చింది. ఇంటర్నెట్టు మోయదు కాబట్టి జాబితా పొడుగ్గానే ఉంది. దానికి తల్లి ఒక మందుల పెట్టె చేర్చింది. అందులో పాముకాటు తప్ప తక్కిన అన్నిటికీ మాత్రలున్నాయి. బ్యాగు మొత్తం పదిహేడు కిలోలు తూగింది. అలా ఒక సోమవారం పొద్దున పిడుగు, నడిచే సోఫా ఒకదాన్ని వీపున వేసుకున్నట్టు, పాత రాతి వంతెన దగ్గర ఫొటో దిగి తనను తాను తెలుసుకోవడానికి బయల్దేరింది.

మొదటి రోజు పద్దెనిమిది కిలోమీటర్లు నడవాలి. తొమ్మిది నడిచింది. భుజాలున్నట్టు బాగానే తెలిసింది.

రెండో రోజు వాన. మూడో రోజు మడమల మీద బొబ్బలు లేచాయి. తల్లికి ఫోనులో చూపిస్తే, "పగలగొట్టకు, పట్టీ వెయ్యి, రెండు రోజులు కాలు కింద పెట్టకు," అంది. నడక యాత్రలో ఉన్న మనిషికి ఇంతకన్నా పనికొచ్చే సలహా ఎవరిస్తారు?

అన్నిటికన్నా పెద్ద దెబ్బ మరోచోట తగిలింది. ఏకాంతంలో గొప్ప గొప్ప ఆలోచనలు వస్తాయని వీడియోలో అమ్మాయి చెప్పింది. పిడుగుకి ఒక బట్టల సబ్బు ప్రకటనలోని పాట వచ్చింది. పొద్దున ఏడింటికి తలలో దూరి సాయంత్రం ఆరుదాకా తిరిగింది. ఎదురుగా లోయ, దాని నిండా మబ్బులు, అవతల కొండ మీద వెండితీగలా జలపాతం. పిడుగు తలలో మాత్రం మురికి వదిలిపోతూ ఉంది. లోపలి మనిషిని కలుసుకోవాలని వచ్చిన మాట నిజమే. ఆ లోపలి మనిషి, "ఇంకా ఎంత దూరం? ఆకలేస్తోంది. కూర్చుందామా?" తప్ప మరో మాట ఎత్తకపోవడం ఆమెకి చాలా చిన్నతనంగా అనిపించింది.

నాలుగో రోజు రెండు చేతికర్రలతో నడిచే ఒక పెద్దాయన ఆమెను దాటి వెళ్లాడు. దాటి వెళ్లి, ఒకచోట కూర్చుని తిని, కునుకు తీసి, లేచి మళ్లీ ఆమెను దాటి వెళ్లాడు. రెండోసారి దాటుతూ ఆగి, "ఏమ్మా, బ్యాగులో ఏముంది, సంసారమా?" అన్నాడు.

"అవసరమైనవే ఉన్నాయండీ."

"నాకు డెబ్భై దాటాయి. ఇన్ని అవసరాలు నాకింకా రాలేదు," అని కర్రలు టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు.

ఐదో రోజు మధ్యాహ్నం దారి రెండుగా చీలినచోట పిడుగు కూలబడింది. ఎడమవైపు దారి కొండ పైకి పోతోంది. కుడివైపు దారి కిందనున్న చిన్న ఊళ్లోకి దిగుతోంది. అప్పటికి అరవై ఒక్క కిలోమీటర్లు నడిచింది. అక్కడ కూర్చుని ఏడ్చింది. లైట్‌హౌస్ గోడ లేదు, గాలి చప్పుడు లేదు, చప్పట్లు అసలే లేవు. ముక్కు చీదుకుని, తడి బట్టలు ఆరబెట్టుకుని రేపు పొద్దున పైకెక్కుదామని తనకి తాను చెప్పుకుని, కుడివైపు దిగింది.

ఊరి మొదట్లోనే ఒక లాండ్రీ. 'నడక యాత్రికుల బట్టలు గంటలో ఉతికి ఆరబెట్టి ఇవ్వబడును' అని బోర్డు. లోపల రెండు పెద్ద మిషన్లు, పొడవైన ఇస్త్రీ బల్ల, గోడకి దారి మ్యాపు, ఒక బెంచీ. వెచ్చగా సబ్బు వాసన. పిడుగు బట్టలిచ్చి బెంచీ మీద కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. లేచేసరికి ఆమె బట్టలు మడతపెట్టి పక్కన ఉన్నాయి. యాభై ఏళ్లావిడ ఇస్త్రీపెట్టె పట్టుకుని దుప్పట్ల గుట్టతో కుస్తీ పడుతోంది.

"గంట అన్నారు, ఎంతసేపైందండీ ఆంటీ?"

"నాలుగు గంటలు. లేపుదామనుకున్నా, నీ మొహం చూస్తే చెయ్యి రాలేదు. ఆంటీ ఏమిటి, ఊళ్లో అందరూ నన్ను వదినా అంటారు." కాళ్ల వైపు చూసింది. "ఆ పాదాలతో ఎక్కడికి వెళ్తావు?"

"లైట్‌హౌస్ దాకా."

వదిన నవ్వలేదు. నవ్వి ఉంటే పిడుగుకి రోషమొచ్చి ఆ సాయంత్రమే బయల్దేరి ఉండేదేమో. ఆవిడ మామూలుగా, "నా దగ్గర పనిచేసే పిల్ల ప్రసవానికి పుట్టింటికి వెళ్లింది. వెనక గది ఖాళీ. రెండు రోజులుండి కాళ్లు మాన్పుకో. ఇస్త్రీ వచ్చా?" అంది.

"రాదు."

"నేర్పిస్తా, రా."

అలా రెండు రోజులకని ఆగింది.

ఆ సాయంత్రం తల్లి ఫోను చేసింది. "ఎక్కడున్నావే?"

పిడుగు నిజం చెబుదామనే నోరు తెరిచింది. రెండేళ్ల అలవాటు ముందుకు దూకింది. "దారిలోనే ఉన్నానమ్మా. ఇవాళ బాగా నడిచాను." గొంతులో తేనె.

మూడో రోజుకి బొబ్బలు ఎండిపోయాయి. వెళ్లొచ్చు. వాన పడిందని ఆగింది. నాలుగో రోజు వాన లేదు. హోటలువాళ్ల దుప్పట్లు నలభై వచ్చాయి, ఆగింది. ఐదో రోజు ఆగడానికి కారణం ఏదీ దొరకలేదు. కారణం లేకుండానే ఆగింది. అప్పటికే ఇంట్లో ఆమె నూట నలభై కిలోమీటర్లు దాటేసింది మరి. ఇప్పుడు మళ్లీ అరవై ఒకటి నుంచి మొదలుపెడితే చెప్పిన లెక్కని కాళ్లు ఎప్పటికి అందుకుంటాయి?

అబద్ధం ఆడటం కూడా నడకలాంటిదే, మొదటి నాలుగు రోజులే ఒళ్లునొప్పులు. ఆ తర్వాత పిడుగు దాన్ని పద్ధతిగా చేసింది. అటునుంచి ఇటు నడిచి వచ్చే యాత్రికులు లాండ్రీలో బట్టలు వేసి బెంచీ మీద కూర్చుంటే, పక్కన చేరి, "ముందు దారి ఎలా ఉంటుందండీ? వాగు లోతా? ఆ ఫొటో నాక్కూడా పంపుతారా?" అని అడిగేది. వాళ్లు మురిసిపోయి వర్ణించేవారు. సాయంత్రానికి ఆ వాగు పిడుగు దాటేది. ఆ శిఖరం మీద పిడుగుకి చలేసేది. ఫొటోలో నువ్వెందుకు లేవని తండ్రి అడిగితే, "తీసేది నేనే కదా నాన్నా!" అనేది.

వదిన ఇదంతా వింటూ దుప్పట్లు మడిచేది. నీతులు చెప్పడం ఆవిడకి చేతకాదు. ఒకరోజు మాత్రం ఫోను పెట్టేశాక, "నిన్న ఇరవైరెండు కిలోమీటర్లు అన్నావు, ఇవాళ ఇరవైనాలుగు. కాస్త తగ్గించుకో అమ్మాయ్, కాళ్లు నొప్పెట్టవూ?" అంది.

వదినకి అసలు సంగతి అర్థం కాకపోలేదు. "ఎప్పుడు వెళ్తావు అని నేను అడగను," అంది మరోసారి, ఇస్త్రీపెట్టె మీద నీళ్లు చిలకరించి చుయ్ మనిపిస్తూ. "నువ్వుంటే నాకు నడుంనొప్పి లేదు. కానీ ఆ ఫోను వచ్చినప్పుడల్లా నువ్వు లేచి నిలబడుతున్నావు చూడు, అది చూడలేకపోతున్నా."

పని మాత్రం పిడుగుకి పట్టుబడింది. కాలరు ముందు, చేతులు తర్వాత, వీపు ఆఖరున. సాయంత్రాలు ఉతికిన దుప్పట్ల మూటలు వీపున కట్టుకుని కొండ మీది హోటలుకి మోసుకెళ్లేది. పైకి మూడు కిలోమీటర్లు, కిందికి మూడు. మొదట నాలుగుచోట్ల ఆగేది, తర్వాత ఒక్కచోట, తర్వాత ఎక్కడా ఆగలేదు. దాన్ని నడక అనుకోవాలని ఆమెకి తట్టలేదు. దానికి ఫొటో లేదు, మజిలీ లేదు. అది పని.

అక్కడ ఇంట్లో ఆమె కీర్తి రోజుకింత పెరుగుతోంది. దీనికంతటికీ కారణం మేనత్త. "మమ్మల్ని అడిగితే మేం చెప్పమా" అన్న మనిషే ఇప్పుడు ఫొటోలు పెద్దవి చేయించి మెట్ల పొడవునా అంటించింది. పాలవాడికి, కరెంటు బిల్లు తెచ్చే మనిషికి, దారి తప్పి వచ్చిన కొరియరు మనిషికి కూడా ఒక్కో మెట్టు దగ్గర ఆపి, "ఇది మా పిడుగు దాటిన వాగు. ఇది మా పిడుగు ఎక్కిన శిఖరం. చిన్నప్పటినుంచీ దానికి నా పోలికే," అని వివరిస్తోందట. ఆఫీసులో మేనేజరు ఆమె ఫొటోని లిఫ్టులో అద్దం పక్కన పెట్టించాడట, ఇరుక్కున్నవాళ్లకి స్ఫూర్తిగా ఉంటుందని. ఈ కబుర్లు వింటుంటే పిడుగుకి కాళ్లకింద నేల కదిలినట్టుండేది. పడుకుంటే కలలో కూడా శిఖరాలే, అన్నీ పెద్దవి చేయించినవి.

ఇరవైమూడో రోజుకి ఆమె ఉపాయం సిద్ధం చేసుకుంది. మర్నాడు తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కితే పదిన్నరకి లైట్‌హౌస్ దగ్గర దిగుతుంది. గోడకి నుదురు ఆనించి ఒక ఫొటో. వీలైతే నాలుగు కన్నీళ్లు. సాయంత్రం బస్సుకి ఇంటికి. ఆ తర్వాత జీవితాంతం ఆ దారి గురించి ఎవరు ఎత్తినా మాట మార్చేయడం.

సాయంత్రం తల్లి ఫోను చేసింది. "చివరి మజిలీకి చేరావా?"

"చేరానమ్మా. రేపు ఇంక పద్నాలుగు కిలోమీటర్లే."

"మీ నాన్న పొద్దున బస్సెక్కాడు. ఈపాటికి లైట్‌హౌస్ దగ్గర దిగి ఉంటాడు."

పిడుగు చేతిలోని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది. "ఎందుకూ?"

"నీకు ఎదురొస్తాడట. రేపు పొద్దున నువ్వు అటునుంచి దిగుతుంటే ఆయన ఇటునుంచి ఎక్కుతాడట. ఎక్కడ కలిస్తే అక్కడినుంచి ఇద్దరూ కలిసి నడుస్తారట. షాపు మూసేశాడు. నేను చెబితే వింటాడా?"

పిడుగు వెంటనే తండ్రికి ఫోను చేసింది. "నాన్నా, వద్దు. రాళ్లు, ముళ్లు. నువ్వక్కడే కూర్చో, నేనే వచ్చేస్తా."

"బతుకంతా కూర్చున్నానే," అన్నాడు తండ్రి హుషారుగా. ఆయన గొంతులో అంత హుషారు ఆమె ఎప్పుడూ వినలేదు. "ఆరింటికే బయల్దేరతా. దారిలో సిగ్నలుండదట, కంగారు పడకు."

ఆమె కంగారు పడింది. తెల్లారేదాకా పడింది.

బస్సు పదిన్నరకి లైట్‌హౌస్ దగ్గర దింపింది. తెల్లటి గోడ, పక్కన టీ కొట్టు. పిడుగు గోడ వైపు చూడను కూడా లేదు. "లావుగా, గళ్ల చొక్కా, పెద్దాయన..." అంది టీ కొట్టు ఆవిడతో.

"కూతురికి ఎదురెళ్లే ఆయనేగా? పొద్దున్నే రెండు టీలు తాగి వెళ్లాడు. అందరికీ చెప్పి మరీ వెళ్లాడు."

పిడుగు కొండదారి పట్టుకుని పరుగులాంటి నడక మొదలుపెట్టింది. మొదటి కిలోమీటరు రాయి దగ్గరే ఎక్కడో కూర్చుని ఉంటాడనుకుంది. లేడు. మూడో రాయి. లేడు. ఐదో రాయి దగ్గర ఒక బిస్కెట్టు కాగితం కనిపించింది, తండ్రి తినే రకం. ఆరు. ఏడు. పాల ప్యాకెట్టుకి స్కూటరు తీసే మనిషి ఇంత దూరం ఎలా నడిచాడు? ఎండ మాడ్చేస్తోంది. వీపున పదిహేడు కిలోల బ్యాగు ఉందన్న సంగతి ఆమెకి అసలు గుర్తే లేదు.

తొమ్మిదో రాయి దాటాక, మలుపులో, పైన కనిపించాడు. ఒక బండ మీద కూర్చుని ఉన్నాడు, ఆమె వైపు వీపు పెట్టి, కొండ వైపు చూస్తూ. షాపుకి వేసుకునే తోలు చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. పై మలుపులో ఎవరో వస్తున్న అలికిడైంది. తండ్రి గబగబా చెప్పులు తొడుక్కుని లేచాడు, చొక్కా కిందికి లాక్కున్నాడు, జుట్టు సర్దుకున్నాడు, మొహం నిండా నవ్వు తెచ్చుకుని నిలబడ్డాడు. వచ్చినవాడు ఎవరో గడ్డం యాత్రికుడు. తండ్రి పక్కకి తప్పుకుని దారిచ్చాడు. మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ చెప్పులు విప్పాడు.

పిడుగు అది చూస్తూ చెట్టు చాటున నిలబడిపోయింది.

అప్పుడు కూడా, నిజం చెప్పాలంటే, ఆమెకి ముందు తట్టింది పశ్చాత్తాపం కాదు. పొదల్లోంచి చుట్టూ తిరిగి పైకి ఎక్కేసి, పై మలుపులోంచి దిగి వస్తే? పది నిమిషాల పని. ఆయన లేస్తాడు, జుట్టు సర్దుకుంటాడు, నవ్వుతాడు. అందరికీ మంచిదే కదా. పిడుగు పొదల్లోకి దూరింది. ముళ్లు చొక్కా పట్టుకుని ఇంక వదిలితే కదా. మోకాళ్ల మీద పాకుతూ సగం దూరం ఎక్కేసరికి పైనుంచి మాటలు వినిపించాయి. ఎవరో మొగుడూ పెళ్లాల జంట దిగి వస్తున్నారు. తండ్రి వాళ్లని ఆపాడు.

"మా అమ్మాయి వెనక వస్తోందా అండీ? బ్యాగు పట్టీలు ఎర్రగా ఉంటాయి. నేనే కుట్టాను."

"ఒంటరిగా వచ్చే అమ్మాయా? మేం రాత్రి ఆ మజిలీలోనే పడుకున్నాం. అక్కడెవరూ లేరే."

"ఉంటుందండీ. నిన్న సాయంత్రం ఫోనులో చెప్పింది, చేరానని."

"మజిలీలో ఉన్నది మేమూ ఇంకో గడ్డమాయనా, అంతే. వారం నుంచి ఈ దారిలోనే ఉన్నాం, అలాంటి అమ్మాయి ఎక్కడా కనిపించలేదు. మీరు కంగారు పడకండి..."

వాళ్లు వెళ్లిపోయారు. తండ్రి నిలబడే ఉన్నాడు. పొద సందులోంచి ఆయన మొహం పక్కనుంచి కనిపిస్తోంది. దాంట్లోంచి రంగంతా ఎవరో తుడిచేసినట్టు పోయింది. ఉన్నట్టుండి ఆయన కొండ పైకి నడవడం మొదలుపెట్టాడు. నడక కాదు, దాదాపు పరుగు. ఒక కాలు ఈడుస్తూ, "అమ్మడూ!" అని లోయలోకి కేకలు వేస్తూ. ఆమెను ఆయన అలా పిలిచి పదిహేనేళ్లయింది.

"నాన్నా!" అని అరిచి పిడుగు పొదల్లోంచి దారి మీద పడింది, అక్షరాలా పడింది.

ఆయన వెనక్కి తిరిగాడు. కూతురు. కింద. చొక్కా చిరిగి, మొహమంతా గీరుకుపోయి. ఆయన పైకి చూశాడు, కిందికి చూశాడు. చెయ్యి లేపి కొండ వైపు చూపించాడు. "అటునుంచి కదా రావాలి?"

పిడుగు చెప్పింది. తేనె లేని గొంతు ఆమెకే కొత్తగా ఉంది. అరవై ఒక్క కిలోమీటర్లు, చీలిన దారి, లాండ్రీ, ఫొటోలు, పొద్దుటి బస్సు, ఆఖరికి పొదలు కూడా చెప్పేసింది. తండ్రి బండ మీద కూర్చుని విన్నాడు. 

"పద్దెనిమిది రోజులు ఇస్త్రీ చేశావా?"

"చేశాను."

"ఇంట్లో ఏనాడూ పెట్టె ముట్టుకోలేదేం?"

ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన నవ్వడం లేదు కాబట్టి ఏడ్చింది. ఆయన ఏడవనిచ్చాడు. తర్వాత లేవబోయి, "అబ్బా" అని మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. చివరి పరుగుతో మోకాలు వాచిపోయింది. ఒక చెప్పు అడుగు ఊడి వేలాడుతోంది. పైకి ఐదు కిలోమీటర్లు, కిందికి తొమ్మిది. కిందికే దిగాలి.

బ్యాగులోని మందుల పెట్టె మొదటిసారి పనికొచ్చింది. మోకాలికి పట్టీ చుట్టింది. చెప్పుని తాడుతో కట్టింది. ఆయన చెయ్యి తన భుజం మీద వేయించుకుని దిగడం మొదలుపెట్టింది. దుప్పట్ల మూటలు మోసిన భుజం కదా, ఆయన బరువుకి వంగింది కానీ ఆగలేదు. వందడుగులకి ఒకసారి కూర్చోబెట్టడం, నీళ్లు పట్టించడం, లేపడం.

మూడు కిలోమీటర్లు దిగాక తండ్రికి కోపం వచ్చింది. ఆయన కోపం ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది.

"తొమ్మిది కిలోమీటర్లు నడిచానే నేను!" అన్నాడు నడిదారిలో ఆగి. "నా కూతురు నాలుగొందలు నడుస్తుంటే తండ్రినై ఉండి తొమ్మిది నడవలేనా అనుకుని నడిచా. ఆరో రాయి దగ్గర కళ్లకి చుక్కలు కనిపించాయి. వెనక్కి పోదామనుకున్నా. ఇలాంటి రోజులు అది ఇరవైమూడు గడిపింది కదరా అనుకుని లేచా. నువ్వేమో బస్సులో కిటికీ పక్కన కూర్చుని..."

"కిటికీ పక్కన దొరకలేదు నాన్నా."

"నోర్ముయ్."

నోరు మూసుకుంది. ఇంకో కిలోమీటరు తర్వాత ఆయనే, "ఆ ఐదు రోజులైనా నిజమేనా?" అన్నాడు.

"నిజమే. బొబ్బలు కూడా."

"ఎలా ఉంది?"

"ఘోరంగా ఉంది."

"అవునా?" అన్నాడు, ఎంతో ఊరట కలిగినవాడిలా. "నాకూ అంతే. ఎవరితోనూ అనకు."

లైట్‌హౌస్ చేరేసరికి పొద్దు వాలింది. టీ కొట్టు ఆవిడ కుర్చీ వేసింది. తండ్రి దాన్ని అలవాటుగా ఒకసారి ఊపి చూసి కూర్చున్నాడు. పిడుగు తల్లికి ఫోను చేసి స్పీకరులో పెట్టింది. ఏం చెప్పాలో కూడబలుక్కునే లోపే తల్లి అంది, "కలిశారా? ఆ లాండ్రీయో హోటలో, ఎక్కడున్నావో అక్కడినుంచి వచ్చావా?"



"బొబ్బలు మూడో రోజు చూపించావు. ఏడో రోజు అడిగితే మానిపోయాయన్నావు. ముప్ఫై ఏళ్లుగా మందులమ్ముతున్నా, నడిచే కాలికి బొబ్బ అంత తొందరగా మానదు. పైగా వీడియో కాల్ చేసినప్పుడు వెనక మిషన్ల చప్పుడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు తండ్రి.

"రోజూ అరగంట నడవమని డాక్టరు రెండేళ్లుగా మొత్తుకుంటున్నాడు. నా మాటకి ఎప్పుడైనా గుమ్మం దిగారా? ఎదురెళ్తానంటే సరే అన్నా. ఏదో ఒక కిలోమీటరు నడిచి టీ కొట్టులో కూర్చుంటారని." ఆగింది. "ఎంత నడిచారేమిటి?"

"తొమ్మిది. వెనక్కి తొమ్మిది."

 "పద్దెనిమిదా?" అంది తల్లి. "నేను సరే అన్నంత మాత్రాన అంత దూరం నడుస్తారటండీ?" ఆ వెంటనే మోకాలికి ఏ మాత్ర, ఎన్ని, తిన్నాకా ముందా అని మొదలుపెట్టింది.

ఇంటికి వచ్చాక పిడుగు మేనత్తకి నిజం చెప్పేసింది. మేనత్త గుండె మీద చెయ్యి వేసుకుని మెట్ల మీద కూర్చుంది, సరిగ్గా శిఖరం ఫొటో కింద.

"ఫొటోలు తీసేద్దాం అత్తయ్యా."

"తీసేస్తే? కొరియరు వాడికి కూడా చెప్పానే నేను! నా పరువేం కావాలి? అవన్నీ ఇక్కడే ఉంటాయి. నువ్వే పోయి అవన్నీ దాటి రా."

మేనేజరు ఆ ఏడాదికి ఇంక నాలుగు రోజులే సెలవు మిగిలిందన్నాడు. నాలుగు నెలల తర్వాత పిడుగు ఒక సాయంత్రం లాండ్రీ ముందు బస్సు దిగింది. ఈసారి బ్యాగు ఏడు కిలోలు. వదిన కొత్త పనిపిల్లని పరిచయం చేసింది, పిడుగు చేత ఆరు చొక్కాలు ఇస్త్రీ చేయించుకుంది, "ఎక్కడిదాకా?" అంది.

"ఎంత అయితే అంత. నాలుగో రోజు ఎక్కడుంటే అక్కడ బస్సెక్కేస్తా."

పొద్దున ఆరింటికి చీలిన దారి దగ్గరికి వచ్చి ఎడమవైపు ఎక్కింది. మొదటి అరగంటలోనే ఆయాసం, రెండో అరగంటకి ఆకలి, ఆ తర్వాత పాట. ఈసారి పళ్లపొడి ప్రకటనది. తొమ్మిదింటికి, కింద లోయలో లాండ్రీ కప్పు అగ్గిపెట్టెంత కనిపిస్తున్నప్పుడు, వాన మొదలైంది. రెయిన్‌కోటు కోసం బ్యాగు తీసి వెతికింది. అడుగుదాకా వెతికింది. రాత్రి ఆరేసిన తాడు మీదే ఉండిపోయింది అది, లాండ్రీ వెనక గదిలో.

పిడుగు ఆ వానలో నిలబడి, తనకి తెలిసిన తిట్లన్నీ వరసగా తిట్టింది. వినేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి కొన్ని రెండుసార్లు తిట్టింది. తర్వాత బ్యాగు తగిలించుకుని, తల మీద బ్యాగులోని ప్లాస్టిక్ సంచీ కప్పుకుని, పైకి ఎక్కడం మొదలుపెట్టింది.